సముద్రాలు దాటే టెలివిజన్: మోసుకొని పోవాలా, వదిలి పోవాలా?

మొన్న ఉగాది నాటి ఉదయం మా మేనల్లుడు డాలస్ నుంచి ఫోను చేశాడు. పండుగ శుభాకాంక్షలు చెప్పి, పచ్చడిలోకి వేపపువ్వు దొరికిందా లేదా అని వాళ్ళ అత్తయ్యను పరామర్శించి, ఆ తరువాత అసలు సంగతికి వచ్చాడు. "మావయ్యా, మా కంపెనీవాళ్ళు నన్ను లండనుకు బదిలీ చేస్తున్నారు. సామాను పంపుకోవడానికి ఓడలో కొంత చోటు ఇస్తారట. మంచాలు, పుస్తకాలు, గ్రైండరు అన్నీ తేలిపోయాయి. టీవీ దగ్గరే ఆగిపోయాం. నేను తీసుకెళ్దామంటాను, తను వద్దంటుంది. నువ్వు ఇంజనీరువి కదా, నువ్వే చెప్పు" అన్నాడు. ఆ వెనుకనుంచి కోడలి గొంతు వినిపించింది: "మావయ్యగారూ, అరవై అయిదు అంగుళాలండీ! ఆ ఇళ్ళలో గోడ అంత ఉంటుందో లేదో కూడా తెలియదు."

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. 1984లో కాకినాడ నుంచి ఈ దేశానికి వచ్చిన నాటి నుంచి ఏడాదికి ఒక్కరైనా దీనిని ఏదో ఒక రూపంలో నా ముందు పెడుతూనే ఉన్నారు. మన సంఘంలో వైద్యులకు మోకాలి నొప్పులను గూర్చిన ప్రశ్నలు వస్తాయి, అకౌంటెంట్లకు పన్నులను గూర్చిన ప్రశ్నలు వస్తాయి, విద్యుత్ శాస్త్రం చదివిన పాపానికి నాకు ప్లగ్గులను గూర్చిన ప్రశ్నలు వస్తాయి. ప్రశ్న ఒకటే అయినా సమాధానం మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చినది. చిత్రమేమంటే, సమాధానం మారిన సంగతి గమనించకుండా ముప్పై ఏళ్ళ నాటి కారణాలనే ఇప్పటికీ ఒకరికొకరు చెప్పుకుంటున్నాము. అందుకే ఈ వ్యాసం.

నా అభిప్రాయాన్ని దాచుకోను. టీవీని తీసుకొని వెళ్ళవద్దు అనే పక్షమే నాది. అయితే దానికి నేను 1990లలో చెప్పిన కారణాలు వేరు, ఇప్పుడు చెప్పే కారణాలు వేరు. టీవీ పక్కనే ఉండే మరొక వస్తువు విషయంలో మాత్రం నా సలహా దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. అది నేను ఆలస్యంగా, కొంత మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠం.

ముందు పాత కారణాలు చూద్దాము. పాతకాలపు పిక్చర్ ట్యూబు టీవీలో నిజానికి బొమ్మ అనేది ఏ క్షణంలోనూ లేదు. ఉన్నది ఒక్క చుక్క. ఎలక్ట్రానుల పుంజం తెర మీద ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి, దాని కింద మరొక గీత గీసి, అలా అడుగు దాకా వచ్చి మళ్ళీ పైకి పోతుంది. ముగ్గు వేసే ఇల్లాలి చేతిలోని పిండి ధార వంటిది ఆ పుంజం. అది పరుగెత్తే వేగం వలన మన కన్ను మోసపోయి మొత్తం బొమ్మను చూశాననుకుంటుంది. అమెరికాలో 1941లో నిర్ణయించిన పద్ధతి ప్రకారం ఒక బొమ్మకు 525 గీతలు, సెకనుకు 30 బొమ్మలు. భారతదేశంలోను, ఇంగ్లండులోను వాడిన పద్ధతిలో 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మను సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి చొప్పున రెండు విడతలుగా గీస్తారు కనుక విడతల లెక్కన ఇక్కడ 60, అక్కడ 50.

ఈ 60, 50 అనే అంకెలు ఎవరికో తోచి పెట్టినవి కావు. అమెరికాలో ఇంటికి వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులు చేస్తుంది, మన దేశంలోను ఇంగ్లండులోను 50. తొలినాటి టీవీలలో కరెంటు తాలూకు రొద బొమ్మలోకి కొంత చొరబడేది. బొమ్మ వేగము, కరెంటు వేగము ఒక్కటైతే ఆ మచ్చ ఒకచోట నిలిచి కంటికి ఆనదు. రెండూ వేరైతే ఒక అడ్డపట్టీ తెర మీద పైకో కిందికో పాకుతూ విసిగిస్తుంది. అందుచేత ఏ దేశపు కరెంటుకు తగినట్లు ఆ దేశం తన బొమ్మను కట్టుకున్నది. ఆ తరువాత కరెంటు రొదను వడగట్టే విద్య వచ్చినా, కోట్ల ఇళ్ళలో టీవీలు వెలిశాక అంకెలు మార్చడం ఎవరి తరమూ కాలేదు.

దీని మీద రంగుల గొడవ ఒకటి. అమెరికా 1953లో ఎన్‌టీఎస్‌సీ అనే రంగుల పద్ధతిని ఆమోదించినది. దానిలో దారిమధ్యలో సంకేతం కాస్త తడబడితే ముఖాలు ఆకుపచ్చగానో ఊదాగానో మారేవి. ఆ నాలుగు మాటల పేరుకు "ఎప్పుడూ ఒకే రంగు ఉండదు" అనే అర్థం వచ్చేట్లు ఇంజనీర్లు పేరడీ కట్టి నవ్వుకునేవారు. జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థకు చెందిన వాల్టర్ బ్రూక్ ఆ లోపాన్ని సరిదిద్దుతూ 1960ల మొదట్లో పాల్ పద్ధతిని రూపొందించాడు. ఒక గీతలో వచ్చిన తప్పు తరువాతి గీతలో తిరగబడి వచ్చి, రెండూ కలిసి రద్దయ్యేట్లు చేయడం అందులోని కిటుకు. ఫ్రెంచివారు ఇద్దరినీ కాదని సెకామ్ అనే మూడవ పద్ధతిని తెచ్చారు, సోవియట్ రష్యా వారి వెంట నడిచినది. మన దేశం పాల్‌ను ఎంచుకున్నది. ఢిల్లీలో 1959లో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రసారాలు, 1975-76లో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు చేరిన కార్యక్రమాలు, 1977లో వచ్చిన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, అన్నీ నలుపు తెలుపులే. రంగులు 1982లో, ఆసియా క్రీడల ఏడాదిలో వచ్చాయి.

ఇంతకూ అర్థమేమిటంటే, 1980లలో హైదరాబాదులో కొన్న టీవీని ఎవరైనా అమెరికాకు మోసుకొని వచ్చి ఉంటే అది నాలుగు విధాలుగా విఫలమయ్యేది. కరెంటు సగమే అందుతుంది. గీతల లెక్క కుదరక బొమ్మ దొర్లుతుంది. రంగు పలకదు. మాట కూడా వినిపించదు, ఎందుకంటే బొమ్మకు ధ్వనికి మధ్య ఉండవలసిన ఎడం ఇక్కడ 4.5 మెగాహెర్ట్జులు, అక్కడ 5.5. చెవిటి, మూగ, గుడ్డి పెట్టె అన్నమాట. అప్పట్లో "వద్దు" అని చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది.

గల్ఫ్‌కు వెళ్ళిన మనవారి అనుభవం దీనికి తలకిందులు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుంచి దుబాయికి వెళ్ళినవారికి టీవీ తీసుకువెళ్ళే ప్రశ్న కాదు, తీసుకువచ్చే ప్రశ్న. ఆ దేశాల దుకాణాలలో మూడు పద్ధతులనూ అర్థం చేసుకొనే టీవీలు దొరికేవి. ఊరూరికీ మనుషులు చెదిరిపోయే చోటు గనుక, సౌదీ అరేబియాలో సెకామ్, పక్క ఎమిరేట్లలో పాల్ ఉండేవి గనుక, అక్కడి వర్తకులకు అటువంటి సరుకే చెల్లేది. అందుచేత గల్ఫ్ టీవీ మన ఊళ్ళో పెట్టగానే పలికేది. ఎండలో రెండేళ్ళు పనిచేసి వచ్చిన మనిషికి ఆ అట్టపెట్టె ఒక యంత్రం కాదు. తాను వెళ్ళినది వృథా కాలేదని వీధికంతటికీ కనబడే సాక్ష్యం. 1987లో రామాయణం ధారావాహిక వచ్చే ఆదివారాలలో ఆ టీవీ ఉన్న ఇంటి అరుగు మీద చోటు దొరకని పల్లెలు నేను ఎరుగుదును. అటువంటి వస్తువును గూర్చి లాభనష్టాల లెక్క చెప్పడానికి నేనెవరిని?

దక్షిణార్ధగోళానికి వెళ్ళిన వారికి మరొక తమాషా ఎదురయ్యేది, ఇది చాలామందికి తెలియదు. రంగుల పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రానులు సన్నని రంధ్రాల గుండా పోయి తమ తమ రంగు చుక్కలనే తాకాలి. భూమి అయస్కాంత క్షేత్రం వాటిని రవ్వంత పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడుకు తగినట్లు కర్మాగారంలోనే సరిచేసి పంపుతారు. ఉత్తరార్ధగోళంలో ఆ క్షేత్రం నేలలోకి దిగుతుంది, దక్షిణాన నేలలోనుంచి పైకి వస్తుంది. అందుచేత ఉత్తరాదికి సరిచేసిన ట్యూబును డర్బన్‌కు తీసుకువెళ్తే వోల్టేజి సరిపోయినా, పాల్ సరిపోయినా, తెర మూలలలో రంగులు మాసినట్లు కనిపించవచ్చు. కంప్యూటరు తెరలను కూడా ఆ రోజులలో ఉత్తర, దక్షిణ, భూమధ్య రకాలుగా విడివిడిగా తయారుచేసేవారు. దక్షిణాఫ్రికాకు 1860 నుంచి మనవారు వెళ్ళినా, ఆ దేశంలో టెలివిజన్ ప్రసారాలు 1976 దాకా లేనే లేవు గనుక ఈ చిక్కు చాలా తరాలకు రాలేదు. అన్నట్లు, అక్కడి గోడలలోని పెద్ద మూడు గుండ్రని కాళ్ళ సాకెట్టు మన ఇళ్ళలో గీజరుకు పెట్టే 15 ఆంపియర్ల సాకెట్టే. ఇద్దరికీ ఒకే ఇంగ్లీషు ప్రమాణం వారసత్వంగా వచ్చినది, ఇచ్చినవారు మాత్రం దానిని వదిలేసి చదరపు కాళ్ళకు మారిపోయారు.

ఇక వోల్టేజి. నా గదిలో 1985లో చేరిన మిత్రుడొకడు ఇండియా నుంచి ఇస్త్రీపెట్టె తెచ్చుకున్నాడు. ప్లగ్గుకు అడాప్టరు తగిలించి గంటసేపు కూర్చున్నా చొక్కా మడత పోలేదు. పాడైపోయినదేమోనని విచారించాడు. పాడు కాలేదు. వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక 230 వోల్టుల కోసం చేసిన తీగకు 120 ఇస్తే శక్తి సగం కాదు, నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. ఈ పొరపాటు నవ్వుకోవడానికి పనికి వస్తుంది. దీనికి తలకిందులైన పొరపాటు, అనగా అమెరికా రైస్ కుక్కరును కాకినాడలో నేరుగా పెట్టడం, నవ్వులాట కాదు. మూడున్నర రెట్లకు మించిన వేడి పుట్టి కాలిపోతుంది. అడాప్టరు కాళ్ళను మారుస్తుందే గాని వోల్టులను మార్చదని ఎన్ని సార్లు చెప్పినా తక్కువే.

ఇక్కడికి పాత కథ ముగిసినది. ఇప్పటి టీవీకి పై కారణాలలో చాలా భాగం వర్తించవు. తెరలో ఎలక్ట్రానుల పుంజం లేదు, కనుక అయస్కాంతం గొడవ లేదు. బొమ్మ అంకెల రూపంలో వస్తున్నది, కనుక గీతల తగాదా దాదాపు పోయినది. కరెంటు విషయంలో కూడా పెద్ద మార్పు వచ్చినది. పాత పద్ధతిలో గోడనుంచి వచ్చిన విద్యుత్తును ఇనుప దిమ్మె వంటి ట్రాన్స్‌ఫార్మరు తగ్గించేది. ఇప్పుడు వచ్చిన విద్యుత్తును ముందుగా ఏకముఖంగా మార్చి, దానిని సెకనుకు వేల సార్లు ముక్కలుగా కోసి, అగ్గిపెట్టెంత ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపుతున్నారు. కోత ఎంత వేగంగా ఉంటే ట్రాన్స్‌ఫార్మరు అంత చిన్నది కావచ్చును. ఎంత తక్కువ వస్తే అంత ఎక్కువసేపు తెరిచి ఉంచి, లోపలికి కావలసినంతే తీసుకుంటుంది గనుక ఒకే యంత్రం 100 నుంచి 240 వోల్టుల వరకు ఎక్కడైనా పనిచేయగలదు.

"చేయగలదు" అన్నాను, "చేస్తుంది" అనలేదు. అమెరికాలో అమ్మే టీవీల వెనుక చీటీ చదివితే కొన్నింటి మీద 100-240 అని, కొన్నింటి మీద 110-120 అని మాత్రమే ఉంటుంది. రెండవ రకంలో తయారీదారు నాలుగు పైసలు మిగుల్చుకోవడానికి తక్కువ స్థాయి భాగాలు వేసి ఉండవచ్చు. 120 వోల్టుల కరెంటు శిఖరం దాదాపు 170 వోల్టులు, 230 వోల్టుల కరెంటు శిఖరం 325. రెండు వందల వోల్టులు మోయగల కెపాసిటరు మీద 325 పడితే అది పగులుతుంది, కొన్నిసార్లు తుపాకి పేలినంత చప్పుడుతో. కాబట్టి మా మేనల్లుడికి నేను చెప్పిన మొదటి పని, టీవీని గోడ మీద నుంచి కాస్త ముందుకు లాగి వెనుక చీటీ చదవమని. చదివి చెప్పాడు: "100 నుంచి 240, 50/60 హెర్ట్జులు, మావయ్యా!" గొంతులో విజయం ధ్వనించినది. కోడలు ఏమీ అనలేదు.

కరెంటు పరీక్షలో నెగ్గినా మరికొన్ని పరీక్షలున్నాయి. గాలిలో వచ్చే డిజిటల్ ప్రసారాలకు అమెరికా ఒక పద్ధతిని, ఇంగ్లండు మరొక పద్ధతిని ఎంచుకున్నాయి. అనలాగ్ ప్రసారాలను అమెరికా 2009లో, ఇంగ్లండు 2012లో ఆపివేసినప్పుడు ప్రపంచమంతటికీ ఒకే భాష పెట్టుకొనే అవకాశం వచ్చినది. పాత తగాదాను కొత్త బట్టలు తొడిగి కొనసాగించారు. అందుచేత డాలస్ టీవీకి లండన్ యాంటెనా తగిలిస్తే ఏమీ కనబడదు. వేరే పెట్టె కొని తగిలించవచ్చు గాని, ఇంగ్లండు పెట్టెలు ఇచ్చే 50 హెర్ట్జుల బొమ్మను అమెరికా టీవీలు కొన్ని ఒప్పుకోవు. మనిషి శవమైనా ఆ 50, 60ల దయ్యం మాత్రం ఇంకా చింతచెట్టు దిగలేదు. ఇంటర్నెట్టు ద్వారా చూసేవారికి ఈ బాధ తక్కువే గాని, టీవీలోని యాప్‌లు కొన్న దేశాన్ని బట్టి ఉంటాయి. అక్కడి పిల్లలు చూసే స్థానిక కార్యక్రమాల యాప్ ఇక్కడి టీవీలో కనిపించకపోవచ్చు. కొన్న దేశం దాటితే వారంటీ సాధారణంగా చెల్లదు. పైగా ఇప్పటి తెర అంటే మిల్లీమీటరు మందం కూడా లేని రెండు గాజు పలకలు, మధ్య ద్రవస్ఫటికం. దానిని ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి. ఓడలో ఆరు వారాలు ఎవరు నిలువుగా ఉంచుతారో ఆ వరుణదేవుడికి తెలియాలి.

ఇంగ్లండులో ప్రత్యక్ష ప్రసారాలు చూడాలంటే లైసెన్సు రుసుము కట్టవలసి ఉంటుంది. టీవీ అమెరికాదా ఇంగ్లండుదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు, కంప్యూటరులో చూసినా కట్టవలసిందే. మా మేనల్లుడు దీనికి ఆశ్చర్యపోయాడు. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు పుస్తకం మీద స్టాంపులు అంటించుకొని వచ్చే మా నాన్నగారిని చూసిన నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇండియాకు తిరిగి వెళ్ళే కుటుంబాలకు ఒక మాట. ఒకప్పుడు పెద్ద తెరల టీవీలను ప్రయాణికులు సుంకం లేని సామాను పరిమితిలో తెచ్చుకొనేవారు. 2013లో రూపాయి విలువ జారిపోతున్న రోజులలో, ఆగస్టు 26 నుంచి ఆ సౌకర్యాన్ని ప్రభుత్వం తొలగించినది. నివాసం మార్చుకొని శాశ్వతంగా వెళ్ళేవారి నిబంధనలు వేరుగా ఉంటాయి, అవి మారుతూ కూడా ఉంటాయి. కాబట్టి బంధువుల జ్ఞాపకాన్ని నమ్ముకోక ప్రయాణానికి ముందు కస్టమ్స్ వారి నియమాలను స్వయంగా చదువుకోవడం మంచిది. పక్కింటి వారు 2010లో తెచ్చుకున్నారన్నది ఈనాడు విమానాశ్రయంలో చెల్లే వాదన కాదు.

ఇన్ని చెప్పిన తరువాత నా తీర్పు చెప్పాను: చీటీ బాగుంది గాని టీవీ వద్దు. వాడు ఊరుకోలేదు. "మరి అమ్మానాన్నా ఆరు నెలలు వచ్చి ఉన్నప్పుడు తెలుగు ఛానళ్ళు లేకపోతే ఎలా?" అన్నాడు. ఇది బరువైన ప్రశ్న. 1995లో జెమిని, ఈటీవీ వచ్చిన తరువాత పుట్టిన అలవాటు ఇది. చలిదేశంలో, కారు నడపలేని వయసులో, మధ్యాహ్నం రెండు గంటలకు నాలుగు గోడల మధ్య కూర్చున్న పెద్దవారికి తెలుగు మాట వినిపించే పెట్టెను నేను తేలికగా తీసుకోను. మా అత్తగారు 1996లో వచ్చినప్పుడు ఆవిడ కిటికీ దగ్గర నిలబడి పోస్టుమాను కోసం చూసిన చూపు నాకు ఇంకా గుర్తు. అయితే ఆ తెలుగు మాట ఇప్పుడు ఇంటర్నెట్టు నుంచి వస్తున్నది. అది డాలస్ టీవీలో ఎంత పలుకుతుందో లండన్ దుకాణంలో కొన్న చిన్న టీవీలోనూ అంతే పలుకుతుంది. పెద్దవారికి తెర సైజుకన్నా రిమోటులో బొత్తాలు తక్కువ ఉండడం ముఖ్యం.

మా ఆవిడ ఈ తీర్పుతో ఏకీభవించలేదని కూడా ఇక్కడ రాయడం న్యాయం. పనిచేసే వస్తువును పారేయడం ఆవిడకు గిట్టదు. "ఎవరికైనా ఇవ్వమను, చెత్తలో వేయనివ్వకు" అన్నది. ఆవిడ మాటలో నిజమున్నది. వదలడమంటే పారవేయడం కాదు, మరొక కుటుంబానికి చేర్చడం. మన సంఘం సభ్యులలో కొత్తగా కాపురం పెట్టేవారు ఎప్పుడూ ఉంటారు.

ఇప్పుడు మొదట చెప్పిన రెండవ వస్తువు దగ్గరికి వస్తాను. 1989లో కాకినాడలో మా నాన్నగారి షష్టిపూర్తి జరిగినది. వలస కాగితాలు మధ్యలో ఉండడం చేత నేను వెళ్ళలేకపోయాను. ఊరిలోని స్టూడియో వారు వీడియో తీశారు, తెలిసినవారొకరు ఆ టేపును పెట్టెలో పెట్టుకొని తెచ్చి ఇచ్చారు. అది పాల్ టేపు. మా వీసీఆర్‌లో పెడితే బూడిదరంగు చారలు తప్ప ఏమీ లేదు. ఇది టీవీ మార్చితే పోయే జబ్బు కాదు. ఆ టేపు సెకనుకు దాదాపు 23 మిల్లీమీటర్లు నడవాలి, ఇక్కడి యంత్రం 33 నడుపుతుంది. టేపును చదివే డ్రమ్ము అక్కడ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, ఇక్కడ 1800. ఆ రోజులలో మన కిరాణా దుకాణాలలో పప్పుల బస్తాల పక్కన "పాల్ నుంచి ఎన్‌టీఎస్‌సీకి మార్చబడును" అనే అట్ట వేలాడుతూ ఉండేది. అక్కడ ఇరవై డాలర్లు ఇచ్చి నకలు తీయించాను. టేపు చివరలో మా అమ్మ కెమెరా వైపు తిరిగి, నేను అక్కడే కూర్చున్నట్లుగా, నాతో కొంతసేపు మాట్లాడినది. పిల్లకు పాలు ఎలా పట్టాలో చెప్పినది.

ఆ నకలును చూసి చూసి అరగదీశాము. తరువాత 1991లో అన్ని పద్ధతులూ చదివే వీసీఆర్ ఒకటి కొన్నాను గాని, అసలు టేపును దానిలో పెట్టి మంచి నకలు తీసుకోవాలన్న పని వచ్చే శనివారానికి, ఆ పై శనివారానికి వాయిదా పడుతూ వచ్చినది. అమ్మ 1998లో పోయినది. 2004లో ఇల్లు మారేటప్పుడు, ఓడ కాదు, పక్క ఊరికే, నేను సరిగ్గా ఇప్పటి మా మేనల్లుడిలాగే టీవీని గూర్చి ఒక వారం తర్జనభర్జన పడ్డాను. నలభై కిలోల టీవీని నలుగురం కలిసి మోసుకొని కొత్త ఇంటికి చేర్చాము. వీసీఆర్‌ను మాత్రం, ఇక ఎవరు చూస్తారని, పాత సామాను అమ్మకంలో పెట్టి అయిదు డాలర్లకు ఇచ్చివేశాను. అసలు టేపు అటక మీదికి వెళ్ళినది. వేసవిలో ఇక్కడి అటకలు ఎంత కాగుతాయో చదువరులకు చెప్పనక్కరలేదు.

టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన ఇనుప ఆక్సైడు పొడి. బొమ్మ, మాట ఆ పొడిలోనే ఉన్నాయి. ఆ జిగురు గాలిలోని తేమను పీల్చుకొని ఏళ్ళు గడిచినకొద్దీ విచ్ఛిన్నమవుతుంది, వేడి దానిని తొందరపెడుతుంది. మన కోస్తా ఊళ్ళలోనైతే బూజు కూడా తోడవుతుంది. యంత్రాల సంగతి ఇంకా అన్యాయం. వీసీఆర్‌లు తయారుచేసే చివరి సంస్థ, జపానుకు చెందిన ఫునాయి, 2016 జూలైలో ఆ పని ఆపివేసినది. 2019లో నేను మేల్కొని, ఎవరి దగ్గరో అరువు తెచ్చిన యంత్రంలో టేపు పెడితే, తెర పై సగం చిరిగిన గుడ్డలా ఊగుతూ కింది సగంలో మా అమ్మ చీర అంచు, చేతులు కనిపించాయి. మాట నాలుగు నిమిషాలు వచ్చినది. తరువాత కీచుమని టేపు ఆగిపోయినది. ఆ నాలుగు నిమిషాలు ఇప్పుడు నా కంప్యూటరులోను, మా అమ్మాయి దగ్గర, మా అక్కయ్య దగ్గర ఉన్నాయి. ముఖం ఉన్న భాగం లేదు.

అందుచేత నా వాదన ఇది. టీవీ ఏ దేశంలోనైనా దొరుకుతుంది, ఏటేటా చవక అవుతుంది. దానిలో మనది అనేది ఏదీ ఉండదు. మనది ఉన్నది టేపులో, దానికి కావలసిన యంత్రం మాత్రం తయారు కావడం లేదు. సామాను ఏరుకొనేటప్పుడు మనం పెద్ద పెట్టె చుట్టూ తిరుగుతూ చిన్న పెట్టెను అట్టముక్కలతో పాటు తీసివేస్తాము. పాల్ టేపులు ఇంకా ఇంటిలో ఉన్నవారు, అన్ని పద్ధతులూ చదివే యంత్రం ఎక్కడైనా కనబడితే టీవీని వదిలి దానిని మోసుకొని వెళ్ళాలని, అంతకన్నా ముందుగా ఆ టేపులను అంకెల రూపంలోకి మార్పించుకోవాలని, మార్చిన తరువాత కూడా అసలు టేపును పారవేయవద్దని నా మనవి. డీవీడీలు మార్పించుకున్నామని నిశ్చింతగా ఉన్నవారు కూడా ఒకసారి తీసి చూడండి. ఇంట్లో రాసుకున్న డీవీడీ రంగుపొర మీద ఆధారపడినది, అదీ చెదురుతుంది. దుకాణంలో కొన్న డీవీడీలకైతే ప్రాంతాల సంకెల ఒకటి. అమెరికాది 1, ఇంగ్లండుది 2, ఇండియాది 5.

ఈ సంగతంతా విని మా మేనల్లుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మావయ్యా, అక్క పెళ్ళి టేపులు రెండు రాజమండ్రిలో అమ్మ బీరువాలో ఉండాలి. తాతగారు అందులో ఉన్నారు" అన్నాడు. లండన్ వెళ్ళే ముందు రెండు వారాలు ఇండియా వెళ్ళి వచ్చాడు. కోటగుమ్మం దగ్గర ఒకప్పుడు వీడియో లైబ్రరీ నడిపిన పెద్దాయన అటక మీద నుంచి పాత వీసీఆర్ ఒకటి దింపి ఇచ్చాడట, డబ్బు పుచ్చుకోనన్నాడట. టీవీ డాలస్‌లోనే కొత్తగా వచ్చిన ఒక జంటకు చేరినది. లండన్ నుంచి మొన్న ఫోను చేసి, యంత్రంలో డ్రమ్ము తిరుగుతున్నదని, టేపుల అంచున తెల్లని బూజు చారలు కనిపిస్తున్నాయని చెప్పాడు. బూజు ఉండగా యంత్రంలో పెట్టవద్దని, ముందు పొడిగా ఉండే గదిలో కొన్నాళ్ళు ఆరనివ్వమని, ఆ పైన శుభ్రం చేయడం తెలిసినవారికి చూపించమని చెప్పాను. ఇంకా ఆరుతున్నాయి.